కప్ డే చొక్కా

నోరీన్ మంచం మీద గోధుమరంగు సంచి పెట్టుకుని, సర్దినవన్నీ మళ్ళీ బయటికి తీసింది. రెండు జతల పైజామాలు, బనియన్లు, ఊలు మేజోళ్ళు, కళ్ళజోడు పెట్టె. ఆ సంచి ప్రతి జనవరిలోనూ వాళ్ళతో టార్కే సముద్రతీరానికి వెళ్ళొచ్చేది. దాన్ని తలకిందులు చేసి దులిపితే అడుగు కుట్లలోంచి చిటికెడు ఇసుక దుప్పటి మీద రాలింది. నోరీన్ దాన్ని అరచేత్తో పోగుచేసి, పారెయ్యకుండా మంచం పక్కన చిన్న పళ్ళెంలో పోసింది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు మెర్విన్ స్నానాలగదిలోంచి.

"ఏదో మర్చిపోయాననిపిస్తోంది."

"మెల్‌బోర్న్ వెళ్తున్నాను నోరీ, దక్షిణ ధ్రువానికి కాదు."

"నువ్వు గడ్డం చేసుకో. రైల్లో పక్కవాళ్ళు జడుసుకోకుండా."

మెర్విన్ పాస్కో బ్రష్షుని సబ్బుగిన్నెలో తిప్పాడు. అరవై రెండేళ్ళ మనిషి. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, ఎప్పుడూ ఎవరి నడుమో కొలవబోతున్నట్టు ఉంటాడు. దవడలు ఇంకా తెల్లగా ఉన్నాయి, కళ్ళకింద చర్మం మాత్రం ఎండకి కమిలింది. ఏటా చలికాలం మొదలయ్యే జూన్ ఒకటో తారీకు నుంచి గడ్డం పెంచి, సెప్టెంబరాఖరున ఫుట్‌బాల్ ఫైనల్ జరిగే శనివారం పొద్దున తీసేస్తాడు. ఏ జట్లు ఆడినా సరే. అది తీసేసి ఇంకా రెండు వారాలు కాలేదు. గడ్డం తీసిన రోజునుంచే గూట్లో వెనకగా ఉన్న లవంగాల వాసన లోషను ముందుకొస్తుంది. చలికాలమంతా దాని మూత తియ్యడు. కూతురు లోరెల్ చిన్నప్పుడు నాన్న బుగ్గకి ముక్కు ఆనించి, "వేడిరోజులొచ్చాయి" అని వంటింట్లోకి పరిగెత్తేది. ఇప్పుడు ఆమెకి ముప్ఫై నాలుగు. ఈ సాయంత్రం మెల్‌బోర్న్‌లో రైలు దగ్గరికి వచ్చి నాన్నని తీసుకెళ్తానంది.

మెర్విన్ గుండెలో కవాటం పాడైంది. సోమవారం ఆపరేషను. ఆగస్టులో మెల్‌బోర్న్ డాక్టరు ఎక్స్‌రేలు దీపానికెదురుగా పెట్టి చాలాసేపు చూసి, ఊపిరితిత్తులు కూడా ఇలా ఉన్నాయి కాబట్టి ఇలాంటి ఇద్దరిలో ఒకరు బయటపడతారనుకోండి అన్నాడు. చేయించుకోకపోతే క్రిస్మస్ దాకా కూడా కష్టమేనన్నాడు. ఇంటికొచ్చి మెర్విన్ నోరీన్‌తో చెప్పింది వేరు. "కుళాయికి వాషరు మార్చినట్టేనట. వారం పడుకోబెడతారు." ఆ మాట చెప్పి రెండు నెలలైంది. ఇవాళ సాయంత్రం నాలుగున్నర రైలెక్కేదాకా దాన్ని నిలబెట్టుకుంటే చాలు.

పొద్దున పచ్చిక మీద తెల్లటి మంచు ఉంది. బూట్లకింద కరకరలాడింది. అక్టోబరు పన్నెండు. వాళ్ళ ఊరు బల్లారట్‌లో అక్టోబరంటే అంతే.

బట్టల షాపు పెద్దవీధిలో ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మెర్విన్ అక్కడ మగవాళ్ళకి బట్టలు అమ్ముతున్నాడు. ఆ పనిలో రుతువులు ఎప్పుడూ ముందుకి పరిగెడతాయి. ఫిబ్రవరి ఎండలో అద్దాలవెనక ఊలు కోట్లు వేలాడతాయి, ఆగస్టు చలిలో పొట్టిచేతుల చొక్కాలు వస్తాయి. ఊరందరికీ ఒక రుతువు ముందే బట్టలు తొడిగి, తను మాత్రం ఒక్కరోజు ముందుకి జరిగేవాడు కాదు. మార్చి పదిహేడున బఠాణీపూల గింజలు నాటడం. జులైలో గులాబీల కత్తిరింపు, అదీ నోరీన్ అల్లిన బూడిదరంగు స్వెటర్ వేసుకునే. ఆ నెలంతా ఆదివారం పూట గొర్రెమాంసం తనే కోసి వడ్డిస్తాడు; మిగతా నెలల్లో కత్తి ముట్టుకోడు. నవంబరు మొదటి మంగళవారం, కప్ డే అనే గుర్రప్పందేల సెలవునాడు, టమాటా మొక్కలు. ఆ రోజు పొట్టిచేతుల తెల్లచొక్కా బీరువాలోంచి మొదటిసారి బయటికొస్తుంది. నోరీన్ వంటింటి కిటికీ తెరిచి రేడియో పెడుతుంది. పెద్ద పందెం మొదలయ్యేలోపల ఆరో మొక్క నేలలో ఉండాలి. పెళ్ళయిన నాటినుంచీ అదే. ఆయన తండ్రీ అలాగే చేసేవాడు.

"నేను మెల్‌బోర్న్ నుంచి తిరిగొచ్చేదాకా ఆ అద్దాలగూడు సర్దకు కీత్," అన్నాడు మెర్విన్ లోపలికి వస్తూనే. కీత్ షాపు యజమాని. మెర్విన్ కన్నా ఇరవై ఏళ్ళు చిన్న.

"ఇవాళ కూడా రావాలా మెర్వ్? సాయంత్రం రైలు పెట్టుకుని!"

"ఇంట్లో ఉంటే నోరీన్ నన్ను కూడా మడతపెట్టి సంచిలో పెట్టేస్తుంది."

పది గంటలకి క్లారీ బూన్ వచ్చాడు. గొర్రెల రైతు, పొట్టి మనిషి, మెర్విన్‌తో కలిసి బడికెళ్ళినవాడు. మేనకోడలి పెళ్ళికి ప్యాంటు కావాలన్నాడు. మెర్విన్ మెడలో టేపు తీసి అతని నడుముకి చుట్టాడు.

"పెరిగావు."

"నేనా? నీ టేపు కుంచించుకుపోయింది. ఉతికావా ఏంటి?"

మెర్విన్ మోకాలిమీద కూర్చుని కాలు పొడవు కొలిచాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది. క్లారీ అది చూసి, చూడనట్టు గోడవైపు తిరిగాడు.

"టమాటాలు పెట్టావా?" అన్నాడు.

"ఇంకా కప్ డే రాలేదుగా."

"నేను సెప్టెంబరాఖరున పెట్టేశా. మొన్న మంగళవారం మంచు కొట్టేసింది. పద్దెనిమిది మొక్కలూ. ఉడకబెట్టిన పాలకూరలా పడున్నాయి."

"ప్రతి ఏడూ కొడుతుంది నీకు."

"ప్రతి ఏడూ కొడుతుంది," అని క్లారీ గర్వంగా ఒప్పుకున్నాడు. "నువ్వు మనిషివి కాదురా మెర్వ్, క్యాలెండరువి. మీ ఆవిడ నిన్ను మేకుకి తగిలించుకోవచ్చు. సరే, ప్యాంటు ఎప్పుడిస్తావు?"

మెర్విన్ సుద్దముక్క పట్టుకుని ఆగాడు. "వచ్చే శుక్రవారం. కీత్ ఇస్తాడు."

"నువ్వుండవా?"

"సెలవు."

"నువ్వా! జనవరి కాకుండానే!" క్లారీ నవ్వబోయి, ఆ తెల్లటి దవడలవైపు చూసి ఆగిపోయాడు. టోపీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే మరి. ఉంటాలే," అని వెళ్ళిపోయాడు.

క్లారీ తిరగేసి వదిలేసిన చొక్కాలు బల్లమీద గుట్టగా పడున్నాయి. మెర్విన్ ఒక్కొక్కటే మడతపెట్టాడు. గుండీలు నడిమధ్యకి, చేతులు వెనక్కి, అంచు మూడోవంతుకి, ఆఖర్న రెండు బొటనవేళ్ళతో కాలరు ఎత్తి నిలబెట్టడం. అది షాపు మడత. చూడకుండా చేస్తాడు. నోరీన్‌కి పాతికసార్లు నేర్పాడు. ఆమె మడతలో ఎప్పుడూ ఒక చెయ్యి బయటికొచ్చి వేలాడుతుంది. "నీ చొక్కాలు నాకు టాటా చెప్తాయి," అనేదామె.

పన్నెండింటికి టేపు మేకుకి తగిలించి, కోటు వేసుకుని బయటికొచ్చాడు. కీత్ వీధిదాకా వచ్చి చెయ్యి కలిపాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ చేతులు కలపడం అదే మొదటిసారి కావచ్చు.

ఇంట్లో ఎవరూ లేరు. బల్లమీద నోరీన్ రాసిపెట్టిన చీటీ ఉంది: కొత్త పళ్ళబ్రష్షు కోసం వెళ్తున్నా, సూపు పొయ్యిమీదుంది, తాగు. మెర్విన్ సూపు తాగలేదు. వంటింటి కిటికీ గట్టుమీద ఆరు పెరుగు డబ్బాల్లో టమాటా మొక్కలు ఎండవైపు వంగి నిలబడి ఉన్నాయి. చలికాలం ఆఖర్లో తనే గింజలు వేశాడు. ఇప్పుడు జానెడెత్తు. కప్ డేకి ఇంకా ఇరవై ఆరు రోజులు.

కాసేపు వాటి ముందు నిలబడ్డాడు. తర్వాత డబ్బాలు పళ్ళెంలో పెట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాడు.

మడి శనివారమే తవ్వి ఉంచాడు, అదీ నాలుగు దఫాలుగా. ఇప్పుడు బక్కెట్టు బోర్లించి దానిమీద కూర్చుని, చేతిపారతో ఒక గుంట తీసి ఊపిరి తీసుకుని, ఇంకో గుంట తీశాడు. మట్టి చల్లగా ఉంది, వేళ్ళ కీళ్ళదాకా తెలుస్తోంది. ఇది తప్పని ఆయనకి తెలుసు. ఎవరైనా అడిగితే తనే వద్దంటాడు. మూడో మొక్క దగ్గర ఆయాసం వచ్చి కళ్ళు మూసుకున్నాడు. నోరీన్ టమాటాలు నాటలేదెప్పుడూ. ఫిబ్రవరిలో పండినవి ఉడికించి పెద్దపెద్ద గాజుసీసాల్లో నింపి మూతలు బిగించడం ఆమె పని, నాటడం ఆయనది. మడి ఖాళీగా ఉంటే ఆమె ఫిబ్రవరిలో ఖాళీ సీసాలు ముందేసుకుని కూర్చుంటుంది. అది మాత్రం ఆయన ఊహించుకోలేకపోయాడు. ఆరో మొక్క చుట్టూ మట్టి అదిమి, నీళ్ళు పోశాడు.

గోళ్ళు బ్రష్షుతో రెండుసార్లు తోముకున్నాడు. బట్టలమ్మేవాడి చేతుల్నే కొనేవాళ్ళు ముందు చూస్తారు. కోటు మళ్ళీ వేసుకుని, సూపుగిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ డబ్బాలు పెరట్లో బక్కెట్టు వెనక దాచాడు. కిటికీ గట్టు గురించి ఆయనకి తట్టలేదు.

నోరీన్ వచ్చి, పళ్ళబ్రష్షు బల్లమీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆమె చేతులు నీళ్ళకింద పెట్టలేదు. గట్టుమీద ఆరు గుండ్రటి తడి మరకలున్నాయి. వాటినీ, కిటికీలోంచి కనిపిస్తున్న మడినీ చూసింది.

"మెర్వ్."

"ఈ ఏడు వేడి తొందరగా వచ్చింది," అన్నాడు సూపులోకి చూస్తూ.

"పొద్దున పచ్చిక తెల్లగా ఉంది."

ఆయన చెంచా కింద పెట్టాడు. నోరీన్ కుళాయి కట్టేసింది. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో, లోరెల్ పుట్టిన ఏడాదిగానీ, తండ్రిని పూడ్చిపెట్టిన ఏడాదిగానీ, ఈయన ఒక్కరోజు ముందు టమాటా నాటలేదు. అడగవలసిందేమీ మిగల్లేదు. అయినా అడిగింది, వీపు ఇటువైపే ఉంచి.

"వాషరు మార్చినట్టే అన్నావు."

"అన్నాను."

"అబద్ధాలకోరు ముసలోడా," అంది మెల్లిగా. ఆ మాటలో కోపం కన్నా అలసటే ఎక్కువుంది.

పడగ్గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. మెర్విన్ గుమ్మందాకా వచ్చేసరికి ఆమె తెల్లచొక్కాని మంచం మీద పరిచి మడతపెడుతోంది. ఎప్పటిలాగే ఒక చెయ్యి బయటికొచ్చి వేలాడింది. అలాగే సంచిలో అన్నిటికన్నా పైన పెట్టింది.

"అది కప్ డేకి కదా నోరీ."

"మరి ఆసుపత్రినుంచి వచ్చేటప్పుడు ఏం వేసుకొస్తావు? ఊలు స్వెటరా? నవ్వుతారు." సంచి జిప్పు లాగింది, పళ్ళు పట్టుకుంటే మళ్ళీ లాగింది. "ఇంకో మాట. ఆ మొక్కలకి నేను చుక్క నీళ్ళు పొయ్యను. తొందరపడి పెట్టింది నువ్వు. నువ్వే వచ్చి పోసుకో."

"సరే."

"సరే అంటే కాదు. వస్తానను."

"వస్తానే," అన్నాడు. అని మంచం అంచున కూర్చున్నాడు. ఆమె కూడా పక్కన కూర్చుంది. మధ్యలో సంచి ఉంది. టాక్సీ హారను మోగేదాకా ఇద్దరూ దానిమీద చెరో చెయ్యీ వేసి ఉన్నారు.

రైలు సరిగ్గా నాలుగున్నరకి కదిలింది. ఆదివారం నోరీన్ కూడా వస్తుంది, అలా అనుకున్నారు. మెర్విన్ కిటికీ అద్దం కిందికి లాగబోయాడు, అది రాలేదు. లోపలినుంచి ఏదో అన్నాడు, ఆమెకి వినపడలేదు. ఆమె తల ఊపింది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, రైలు వెళ్ళిపోయాక కూడా కాసేపు నిలబడి, నడిచే ఇంటికి వచ్చింది. కోటుకి లవంగాల వాసన అంటుకుని ఉంది.

శుక్రవారం పొద్దున ఆమె మొక్కలకి నీళ్ళు పోసింది. సాయంత్రం ఆకాశంలో మబ్బులేకపోవడం చూసి, షెడ్డులోంచి ఆరు గాజుసీసాలు తెచ్చి, ఒక్కో మొక్కమీద ఒక్కోటి బోర్లించింది. శనివారం పొద్దుటికి పచ్చికంతా తెల్లబడింది. సీసాలలోపల ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఆదివారం ఆసుపత్రిలో ఆ సంగతి చెబితే మెర్విన్ నవ్వి, "క్లారీకి చెప్పకు, సీసాల కోసం నీ వెంటపడతాడు," అన్నాడు. వచ్చేస్తుంటే ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి గోళ్ళు చూశాడు. గోళ్ళలో మట్టి ఉంది.

మరుసటివారం లోరెల్ సంచి తెచ్చి మంచం మీద పెట్టింది. నోరీన్ కూతుర్ని టీ పెట్టమని పంపి, ఒక్కతే జిప్పు తెరిచింది. తెల్లచొక్కా అన్నిటికన్నా పైన ఉంది. గుండీలు నడిమధ్యన, చేతులు వెనక్కి, కాలరు నిటారుగా. షాపు మడత.

కప్ డేనాడు ఆమె సీసాలు తీసేసింది. ఆరు మొక్కలూ పూతమీదున్నాయి.

మెర్విన్ పాస్కో తిరిగి రాలేదు. ఆయన ఆపరేషను బల్లమీద పోయింది వెయ్యీ తొమ్మిదివందల ఎనభై తొమ్మిది, అక్టోబరు పదహారు, సోమవారం, మధ్యాహ్నం రెండూ పది. చొక్కా బీరువాలో రెండో అరలో ఉంది, ఆ మడత ఎవరూ విప్పలేదు.