గాలిమేడ జంక్షన్‌లో ఆగిన బండి

పొద్దున్నే గార్డుగారు చేసే మొదటి పని పట్టాలు తుడవడం. మెత్తటి గుడ్డను స్పిరిట్‌లో ముంచి, ముందుగదిని సగానికి పైగా మింగేసిన బల్ల మీద, రాళ్ళగని నుంచి ఓడరేవు దాకా సన్నని పట్టాలను రుద్దుకుంటూ పోతాడు. పట్టా మీద దుమ్ముంటే కరెంటు అందదు. కరెంటు అందకపోతే అగ్గిపెట్టెంత ఇంజను దారిలోనే మొరాయిస్తుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నిజం రైళ్ళ చివరి పెట్టెలో ఊగుతూ బతికిన మనిషి. రిటైరయ్యాక ఊగడానికేమీ లేక సొంతంగా ఒక రైల్వే కట్టుకున్నాడు.

భార్య కాఫీ తెచ్చి, బల్ల మీద జానెడు చోటు దొరక్క, కిటికీలో పెట్టింది.

"ఇంత రాజ్యం కట్టారు, ఒక గ్లాసుకి జాగా లేదు."

"కిటికీలో కూడా పెట్టకు. అక్కడ గోదాము వస్తుంది," అన్నాడాయన తల ఎత్తకుండా.

ఆ కిటికీ పక్కన ఒకప్పుడు చెల్లెలి కుట్టుమిషను ఉండేది. ఓడరేవు కట్టాల్సి వచ్చినప్పుడు అది వంటింటి తలుపు వెనక్కి జరిగింది. అక్కడ పగలు కూడా లైటు వేసుకుంటే గానీ సూదిలోకి దారం ఎక్కదు. చెల్లెలు ఏమీ అనలేదు. నలభై దాటినా ఇంట్లో ఆమె బుజ్జే. బుజ్జి ఏమీ అనదని అందరికీ అలవాటైపోయింది. ఏమీ అనని మనిషి ఒకరు దొరికితే ఇంట్లోవాళ్ళు ఎంత హాయిగా కాళ్ళు చాపుకుంటారో!

ఆ రైల్వే ఏ పటంలోనూ లేదు. మొత్తం గార్డుగారి బుర్రలో పుట్టిందే. కారణం లేని వంపు పట్టాల మీద ఉండకూడదని ఆయన పట్టుదల. రెండుబావుల దగ్గర లైను వంకర తిరిగిందంటే, అక్కడి భూస్వామి తన పొలంలోంచి పట్టా వెయ్యనివ్వలేదు. ఉప్పుదిబ్బకి రెండు ప్లాట్‌ఫాంలు ఉన్నాయంటే, ఒకప్పుడు బస్తాలు మోసే కూలీలను విడిగా నిలబెట్టేవారు. వాళ్ళు తిరగబడ్డాక రెండూ అందరివీ అయ్యాయి. కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు దివాలా తీసింది, పెట్టెలకు ఇటుకరంగు ఎందుకేశారు, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు.

మనుషుల సంగతీ అంతే. చిటికెనవేలి గోరంత బొమ్మలు. బుజ్జి నాలుగు వెంట్రుకల కుంచెతో వాళ్ళకి బట్టలూ జుట్టూ ముఖమూ వేసేది. ఆయన ఒక్కొక్కరినీ ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి, వంగి, చెవిలో చెప్పేవాడు: "నువ్వు బడిపంతులువి. పన్ను పీకించుకోడానికి ఓడరేవు పోతున్నావు." చెప్పడం ఆలస్యం, పంతులు దవడ పట్టుకుని బండెక్కేవాడు. మంత్రసాని సంచి చంకన పెట్టుకుని రెండుబావుల్లో దిగేది. పని చూసుకుని తిరుగు బండికి వచ్చేవాళ్ళు. దుమ్ము దులిపేటప్పుడు భార్య "జరగండమ్మా, కాస్త జరగండి" అనేది. వాళ్ళు జరిగేవాళ్ళు. ఎక్కడికి వెళ్ళాలో తెలిశాక ఎవరైనా కదులుతారు. అందులో నోరెళ్ళబెట్టడానికేముంది?

ఆ వారం మధ్యలో, బుజ్జి కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి బయటికి వెళ్ళినప్పుడు, ఒకాయన వచ్చాడు. పక్క పట్టణంలో పెద్ద కుట్టు వర్క్‌షాపు నడిపే మాస్టరు. ఆసుపత్రులకీ స్కూళ్ళకీ యూనిఫాంలు కుట్టిస్తాడట.

"మీ చెల్లెలుగారు కత్తిరించిన కోటొకటి చూశానండీ. భుజం దగ్గర ఆ కోత మా దగ్గర ఎవరికీ రాదు. కటింగ్ పనంతా ఆవిడకి అప్పజెబుదామని వచ్చాను. ఉండడానికి గది కూడా ఉంది. ఆదివారం దాకా బస్టాండు పక్క లాడ్జిలో ఉంటాను. ఒక్కసారి ఆవిడతో మాట్లాడాలి."

గార్డుగారి గుప్పెట్లో అప్పుడు ఇంకా రంగు పడని బొమ్మలున్నాయి.

"మాట్లాడేదేం లేదండీ. మా బుజ్జి రాదు. ఇల్లు వదిలి ఉండలేనని తనే చాలాసార్లు చెప్పింది."

ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. వంటింట్లో భార్య విన్నది. గరిటె తిప్పడం ఆపింది. మళ్ళీ తిప్పింది.

ఒకప్పుడు సమ్మె చేశారని గార్డుగారినీ తోటివాళ్ళనీ ఉద్యోగంలోంచి తీసేస్తే, మళ్ళీ తీసుకునేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది బుజ్జి మిషను తొక్కబట్టే. యూనియన్ జెండా కుట్టింది కూడా ఆమే. ఈ సంగతి ఆయన మరిచిపోయి ఉంటే పోనీలే అనుకోవచ్చు. మరిచిపోలేదు. బాగా గుర్తుండే ఆ మాట అన్నాడు. మాస్టరు వెళ్ళిపోయాక చాలాసేపు ఒకే పట్టాముక్కని తుడుస్తూ ఉండిపోయాడు.

శనివారం బుజ్జి ఓ కొత్త బొమ్మ తెచ్చి గాలిమేడ జంక్షన్‌లో పెట్టింది. ట్రంకుపెట్టె మీద కూర్చున్న ఆడమనిషి. ఆకుపచ్చ బట్టలు, కాళ్ళకి చెప్పులు. చెప్పుల పట్టీలు కూడా వేసింది. గార్డుగారు చూసి, బాగుందన్నట్టు తలూపి, సొరంగం పనిలో పడ్డాడు.

"అన్నయ్యా, ఈవిడకేమీ చెప్పలేదే. ఎక్కడికి వెళ్తుంది?"

"ఎక్కడికీ వెళ్ళదు. ప్లాట్‌ఫాం బోసిగా ఉంటే బాగుండదని, అంతే."

వంటింట్లో గిన్నె ఒకటి కిందపడింది. పడిందో పడేశారో. బుజ్జి ఆ బొమ్మ వైపు ఓసారి చూసి, లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. మాస్టరుతో అన్న మాట గార్డుగారికి రెండోసారి వినబడింది.

ఆదివారం పొద్దున గుడ్డ తీసుకుని వచ్చేసరికి జంక్షన్ దగ్గర పట్టాలు కనిపించలేదు. మనుషులు కూర్చున్నారు. బడిపంతులు, మంత్రసాని, ఉప్పు కూలీలు, గంపలు పక్కన పెట్టుకుని సంతవాళ్ళు. ఇంజను డ్రైవరు కూడా దిగొచ్చి వాళ్ళ మధ్యలో బాసింపట్టు వేసుకున్నాడు. ప్లాట్‌ఫాం మీద ట్రంకుపెట్టె మనిషి మాత్రం నిన్నటిలాగే ఉంది.

గార్డుగారు వంగి ఆమె చెవిలో, "ఓడరేవులో నీ మేనకోడలుంది, చూసి రా," అన్నాడు. కదల్లేదు. "రాళ్ళగనిలో మీ తమ్ముడికి జ్వరం," అన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి ఒకసారి చూసి తల తిప్పుకుంది. అందరి కారణాలూ ఆయన కల్పించినవే, ఒక్కటీ నిజం కాదు. కానీ అవి ఆ మనుషుల కోసం కల్పించినవి. ఇవి బండి కదలడం కోసం కల్పించినవి. ఆ తేడా గోరంత మనిషికి కూడా తెలుస్తుంది.

ఇంతలో యూనియన్ పాత సెక్రటరీ వచ్చాడు. ఆదివారం వచ్చి రైలు చూస్తానని ఎన్నాళ్ళుగానో అంటున్నాడు.

"ఏరా గార్డూ, బండి చూపిస్తావనుకుంటే ధర్నా చూపిస్తున్నావా?" అని కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. "బాగానే కూర్చున్నారు. డిమాండేంటి?"

"డిమాండా... ఏం లేదురా. కొత్త జిగురు, ఆ వాసన పడక..."

"జిగురు వాసనకి డ్రైవరు దిగొచ్చి కూర్చుంటాడా? మేనేజ్‌మెంటు మాటలు నా దగ్గర మాట్లాడకు. మనమూ కూర్చున్నవాళ్ళమే."

"జిగురూ లేదు, గోందూ లేదన్నయ్యగారూ," అంది భార్య, చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి. "ఈయన చెప్పరు. నాలుగు రోజులుగా నేనూ చెప్పలేదు, నాకూ బుద్ధి లేదు. ఏవండీ, ఇప్పుడు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

తలుపు వెనక మిషను ఆగింది. బుజ్జి దారం ముక్క భుజాన వేసుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంటి వదినా?"

గార్డుగారు చెప్పాడు. బల్ల వైపు చూస్తూ చెప్పాడు. అక్కడ పట్టాల మీద కూర్చున్నవాళ్ళంతా తలలెత్తి ఆయన్నే చూస్తుంటే, అటూ చూడలేక, చేతిలో గుడ్డని చూస్తూ చెప్పాడు.

"నేను రానన్నానా?" అంది బుజ్జి.

"లేదు."

"ఇల్లు వదల్లేనని ఎప్పుడన్నాను అన్నయ్యా?"

"అన్లేదు."

"మరి?"

"నువ్వెళ్ళిపోతే..." అన్నాడాయన. ఆ తర్వాత రావలసిన మాట, బొమ్మలకి రంగులెవరు వేస్తారని. అది నాలిక మీదకి వచ్చి ఆగింది. అంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని లోపల వెతుక్కున్నాడు. ఒక లైనుకి లైనే కల్పించినవాడు, ఒక్క కారణం కల్పించుకోలేకపోయాడు.

సెక్రటరీ కళ్ళజోడు జేబులో పెట్టుకుని లేచాడు. "జెండా కుట్టిన చేతులురా అవి," అన్నాడు మెల్లగా. "మేనేజ్‌మెంటు దిగొచ్చాక కబురు చెయ్యి, అప్పుడొచ్చి బండి చూస్తా."

బుజ్జి లోపలికి వెళ్ళి కత్తెరని పాత గుడ్డలో చుట్టుకుని వచ్చింది.

"పద. ఆయనతో చెప్పింది నువ్వేగా. నువ్వే వచ్చి మళ్ళీ చెప్పు. నేను పక్కనుండి వింటాను."

వీధిలో ఆమె ముందు, ఆయన వెనక. లాడ్జి గదిలో మాస్టరు ఒక్కడే లేడు. పనికోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. బయటికి పిలిచి చెబుదామని గార్డుగారు గుమ్మంలోంచే సైగ చేశాడు.

"ఇక్కడే చెప్పు అన్నయ్యా," అంది బుజ్జి.

"అదేనండీ... మొన్న నేను చెప్పింది అబద్ధం. తను రాననలేదు. తనకసలు తెలియదు. నేనే అన్నాను."

"అదేమిటండీ, ఎందుకలా?" అన్నాడు మాస్టరు. నిజంగా అర్థంకాకే అడిగాడు.

బెంచీ మీదున్న ఇద్దరూ గార్డుగారిని కిందనుంచి పైదాకా చూశారు. తిట్టలేదు. ఇలాంటివాడు వాళ్ళిళ్ళలోనూ ఒకడున్నట్టు, చూసి ఊరుకున్నారు.

"కుట్టుపనికి మనుషులు కుదిరిపోయారమ్మా," అన్నాడు మాస్టరు బుజ్జితో. "కటింగ్‌కే ఇంకా ఎవరూ దొరకలేదు. కత్తెర తెచ్చుకున్నారా?"

ఆమె గుడ్డ విప్పింది. మంచం మీద తెల్ల తాను పరిచారు. అరచేత్తో ఒకసారి సాపు చేసి, సుద్దగీత కూడా గియ్యకుండా, కోటు భుజం కోసింది. కత్తెర ఎక్కడా ఆగలేదు. బెంచీ మీదున్న ఇద్దరూ లేచి దగ్గరికొచ్చి నిలబడ్డారు. అందులో ఒకామె, "అమ్మో, ఎక్కడ నేర్చుకున్నారండీ!" అంది. బుజ్జి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో గార్డుగారికి గుర్తు రాలేదు.

"ఎల్లుండి చేరగలరా?"

"చేరతాను," అంది బుజ్జి. అన్నయ్య వైపు తిరక్కుండానే అంది.

ఇంటికొచ్చేసరికి పట్టాలు ఖాళీగా ఉన్నాయి. బండి సొరంగంలో ఉంది, చప్పుడు వినిపిస్తోంది.

"ఇందాకే లేచారు," అంది భార్య. "ఆ ట్రంకుపెట్టె ఆవిడే ముందు లేచింది. పెట్టె ఎత్తుకోడానికి పంతులు సాయం పట్టాడు. ఎక్కేశారందరూ."

"ఎవరు చెప్పారు ఆవిడకి? ఎక్కడికని చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆవిడ సంగతి ఆవిడకి తెలియదా?"

బుజ్జి లోపలి గదిలో బట్టలు సర్దుకుంటోంది. వదిన వెళ్ళి పక్కన కూర్చుని మడతలు పెడుతూ, ఏదో చెప్పి తనే ఏడ్చింది. బుజ్జి ఆవిణ్ణి ఊరుకోబెడుతోంది. గార్డుగారు అటు వెళ్ళాలనుకుని, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక, బల్ల ముందు కూలబడ్డాడు.

బండి సొరంగంలోంచి బయటికొచ్చింది. స్విచ్చి మీద ఆయన చెయ్యి లేదు. రెండుబావుల్లో ఆగింది, ఉప్పుదిబ్బలో ఆగింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఆయన కూర్చున్న చోటికి దగ్గరపడుతూ ఉండగా, పెట్టెల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కిటికీ రెక్కలు దించుకోవడం మొదలుపెట్టారు. పంతులు దించాడు. మంత్రసాని దించింది. కూలీలు దించారు. చిన్న చిన్న రెక్కలు టక్కు టక్కున పడుతూ పెట్టెలన్నీ ఆయన ముందునుంచి పోయాయి.

చివరి పెట్టెలో ఒక్క కిటికీ తెరిచే ఉంది. ఆకుపచ్చ బట్టల మనిషి అందులోంచి తిన్నగా ఆయన్నే చూస్తోంది. ఆ కళ్ళల్లో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. బండి దాటిపోయేదాకా గార్డుగారు తల దించుకునే ఉన్నాడు.