మాట చివర

“నంబరు సెవెను. ది లారీ విల్లు రీచు గేటు ఫోరు యట్టు టెన్ను ఫార్టీ,” అని చదివి, ఆమె గుండీ కుట్టగా మిగిలిన దారాన్ని పళ్లతో పుటుక్కున తెంపింది.

మేస్త్రి ఏడో గడిలో గేటు నంబరూ, లారీ వచ్చే వేళా రాసి తలెత్తాడు. తర్వాతి వాక్యం కోసం ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.

“నన్నేం చూస్తారు, కాగితం చూడండి. నంబరు ఎయిట్టు…”

అప్పటికి ఉదయం ఆరున్నర కావస్తోంది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క బల్లనూ మూడు నెలలుగా భార్యాభర్తలిద్దరూ పంచుకుంటున్నారు. సగం మీద ఆమె గుండీలు కుట్టాల్సిన చొక్కాల దొంతర, మిగతా సగం మీద అతని ఇంగ్లీషు కాగితాలు. ఆమె పదో తరగతి దాకా చదివింది. ఆ కాగితాల్లో ఉన్నదాని అర్థం ఆమెకు సగం తెలియదు గానీ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది. ప్రతి మాటనూ చివరిదాకా లాగి, అక్కడో ఉకారం తగిలించి, గట్టిగా నిలబెట్టి మరీ వదులుతుంది.

ఇరవై ప్రశ్నలూ అయ్యాక ఆమే దిద్దింది.

“పద్దెనిమిది! పాసవడానికి పన్నెండు చాలుగా? ఇంట్లో ఇంత బాగా రాసే మనిషి అక్కడికెళ్లి ఐదూ ఆరూ తెచ్చుకోవడమేంటో నాకైతే అంతుబట్టట్లేదు.”

“ఆ పెట్టెలో మాట్లాడేవాడు సగం మింగేస్తాడే. మాట మొదలుపెడతాడు, పూర్తి చెయ్యడు.”

“అయితే పెట్టె తీసేసి నన్ను కూర్చోబెట్టమనండి. ఈ చొక్కాలు అక్కడికే తెచ్చుకుంటా.”

అతను నవ్వాడు. ఆమె లేచి వంటగదిలోకి వెళ్లి, అక్కడినుంచి ఏదో అడిగింది. అతను వీధివైపు తిరిగి కాగితాలు సంచిలో సర్దుకుంటూ ఉండిపోయాడు. కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చి అతని వీపువంక చూసింది. అడిగింది మళ్లీ అడగలేదు. మధ్యాహ్నానికి అన్నం డబ్బా తెచ్చి సంచి పక్కన పెట్టింది. అలా ఊరుకోవడం ఆమెకు అలవాటై చాలా ఏళ్లయింది.

మేస్త్రి పనిచేసేది సీసాల ఫ్యాక్టరీలో. కరిగిన గాజును అచ్చుల్లో ఊదడానికి కావలసిన గాలంతా వెనక షెడ్డులో ఉన్న మూడు పెద్ద కంప్రెసర్ల నుంచి వస్తుంది. ఇరవయ్యారేళ్లుగా అతను ఆ షెడ్డు మనిషి. ఇనుప తలుపు తీయగానే మోత మనిషిని వెనక్కి తోస్తుంది. లోపల నేల అదురుతూ ఉంటుంది, నీళ్ల గ్లాసు పెడితే నీళ్ల మీద సన్నటి గీతలు లేస్తాయి. అక్కడ మాటలుండవు. వేళ్లు చూపించుకోవడం, తల ఊపడం, అంతే.

పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. కుడి అరచెయ్యి మాత్రం ఎడమదానికంటే నల్లగా, నునుపుగా ఉంటుంది. మిషను ఒంటి మీద ఆ చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, “ఇంకో నాలుగు రోజులు, ఆ తర్వాత బేరింగు పోతుంది” అని చెప్పేవాడు. చెప్పిన రోజుకి పోయేది. అందుకే అందరూ నాడి మేస్త్రి అని పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది. పని నేర్పిన పెద్దమేస్త్రి చెయ్యి పెట్టేవాడు కాదు. ఒక ఇనప కడ్డీ మిషనుకి ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని వినేవాడు. ఇతనూ మొదట్లో అలాగే వినేవాడు. కడ్డీ ఎప్పుడు పక్కన పెట్టేశాడో గుర్తులేదు. చెయ్యే సరిపోతోంది కదా అనుకున్నాడు.

కిందటేడు ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్తవాళ్లు ఎక్కడో అద్దాల గది కట్టి, ఏ వాల్వు తిప్పాలో, ఏది ఆపాలో అక్కడినుంచి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. మిషను దగ్గరుండే ప్రతివాడూ ఇంగ్లీషు చదవగలడా, వినగలడా అని పరీక్ష పెట్టారు. మూడు అవకాశాలు. మేస్త్రికి రెండు అయిపోయాయి. మూడోది ఆ రోజే.

పదింటికి క్యాంటీను హాల్లో బల్లలు తుడిచి పదకొండుమందిని కూర్చోబెట్టారు. పరీక్ష పెట్టే టీచరమ్మ బక్కపలచటి మనిషి, ముప్పై లోపు వయసు. మూడు నెలలుగా వారానికి రెండుసార్లు వచ్చి వీళ్లకు పాఠం చెబుతోంది.

ముందు చదవడం. గ్రీజు డబ్బాలు ఎలా భద్రపరచాలో ఒక పేజీ నిండా ఉంది. మేస్త్రి వేలు పెట్టి వరసగా చదివాడు. అచ్చులో ఉన్న ఇంగ్లీషంటే అతనికి భయం లేదు. అది పారిపోదు. అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ దాని మొహం చూడొచ్చు. అందరికంటే ముందే ముగించి కలం మూత పెట్టాడు.

తర్వాత వినడం. తలకు హెడ్‌ఫోన్లు తగిలించారు. గొంతు మొదలైంది. తీరికగా, మర్యాదగా మాట్లాడే మగగొంతు. మాటలు వస్తున్నాయి గానీ తోకలు తెగిన బల్లుల్లా వస్తున్నాయి. మూయమన్నది ఒక వాల్వా, చాలా వాల్వులా? పదిహేనోదా, యాభయ్యోదా? చెయ్యెత్తి, సౌండు పెంచమన్నాడు. టీచరమ్మ పెంచింది. గొంతు పెద్దదైంది, తోకలు మాత్రం రాలేదు. పక్కవాడి కలం చకచకా కదులుతోంది. మేస్త్రి నుదుటి చెమట కాగితం మీద పడి ఆరో గడిలో సిరా అలుక్కుపోయింది.

మిగతావాళ్లంతా వెళ్లిపోయాక టీచరమ్మ అతన్ని ఒక్కణ్నీ ఆపింది.

“చదవడంలో పదిహేడు మేస్త్రిగారూ. ఈ హాల్లో మీకంటే ఎక్కువ ఎవరికీ రాలేదు. వినడంలో ఐదు. అవే మాటలు కదా, ఎందుకిలా?”

అతను తల దించుకున్నాడు. “ముదిరిన బుర్రమ్మా. ఎక్కట్లేదు.”

ఆమె ప్రశ్నల కాగితాన్ని తన నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేను అన్నది అనండి. కప్.”

“కప్పు.”

“కప్స్.”

“కప్పే కదా.”

“లైఫ్.”

అతను ముందుకు వంగాడు. “లై…”

“లైట్.”

“మళ్లీ అదే అంటున్నారు.”

కాగితం తీయకుండానే ఆమె తెలుగులో అడిగింది. “మీ ఇల్లు ఇక్కడికి ఎంత దూరం?”

“నడిస్తే అరగంటమ్మా.”

“మరి ఇంట్లో అభ్యాసం ఎవరు చేయిస్తారు?”

“మా ఆవిడ చదువుతుంది. పద్దెనిమిది తగ్గవు. ఆవిడ చదివితే ఒక్క ముక్క పోదు.”

“ఎలా చదువుతారు?”

మేస్త్రి గొంతు సవరించుకుని భార్యలాగే చదివాడు. “ది లారీ విల్లు రీచు గేటు ఫోరు.”

టీచరమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కాగితం బల్ల మీద పెట్టింది.

“మేస్త్రిగారూ, మన మాట చివర దాదాపు ఎప్పుడూ ఒక అచ్చు ఉంటుంది. అది మీకు వినబడుతోంది. ఇంగ్లీషు మాట చివర చాలాసార్లు ఏమీ ఉండదు, ఇలా కాస్త గాలి వదలడమే.” పెదాల మధ్య నుంచి స్, ఫ్, ట్ అని వదిలి చూపించింది. “ఆ గాలి మీకు అందట్లేదు. ఆవిడ దానికి కూడా ఒక ఉకారం కట్టి ఇస్తున్నారు. ఇది చదువు రాకపోవడం కాదండీ. చెవి.”

“నా చెవులకేం? ఇప్పుడు మీతో మాట్లాడుతున్నా కదా.”

“ఒకసారి చూపించుకోండి. నేను చీటీ రాసిస్తా.”

ఫ్యాక్టరీ ఆసుపత్రి గదిలో బీరువా అంత గాజుగది ఒకటి ఉంది. నర్సు అతన్ని అందులో కూర్చోబెట్టి, చేతికి ఒక బటను ఇచ్చి, చిన్న శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమంది. తలుపు మూసింది. మొదట నాలుగైదుసార్లు కూత వినబడింది, నొక్కాడు. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. మిషను ఏదైనా చెడిపోయిందేమో అనుకుంటూ అద్దంలోంచి నర్సువంక చూశాడు. ఆమె తల వంచుకుని ఏదో గీస్తోంది.

తలుపు తీసి, “అయిపోయింది, రండి,” అంది.

“చివరిదాకా పెట్టారా?”

“పెట్టాను. రెండేసిసార్లు పెట్టాను.”

కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా నడిచి, అక్కడినుంచి బావి మెట్లలా కిందకు దిగిపోయింది. పోయిన వినికిడి మళ్లీ రాదని నర్సు చెప్పింది. ఇరవయ్యారేళ్ల మోత అని చెప్పింది. అలవాటుగా ఒక ప్రశ్న అడిగింది.

“ఇంట్లో వెనకనుంచి పిలిస్తే పలుకుతారా?”

“మా ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదమ్మా. ముందు బాగానే మాట్లాడేది, ఏడెనిమిదేళ్లుగా తగ్గించేసింది.”

అని, అతను కాగితం మీద ఆ గీత దిగిపోయిన చోట వేలు పెట్టాడు.

పాతవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గుమ్మంలో నిలబడి తన వీపువంక చూసే మనిషి. “గోడకి చెప్పుకున్నా నయం” అని ఒకసారి ఏడ్చిన మనిషి. ఆమె తల్లి పోయిన రోజు ఉదయం తను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఫోను ఆమెకు వచ్చింది. లోపలి గదిలోంచి చెప్పిందట. తను మొత్తం గీసుకుని, మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వెళ్లి, “టీ పెట్టలేదా ఇంకా?” అన్నాడు. నెలరోజులు ఆమె మాట్లాడలేదు. తల్లి పోయిన దుఃఖం అనుకున్నాడు. ఆ తర్వాత కూడా ఆమె మాటలు మునుపటిలా రాలేదు. వయసు పెరిగితే ఆడవాళ్లు ఇలాగే గుంభనంగా తయారవుతారు కాబోలని సరిపెట్టుకున్నాడు.

ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే కుర్రాఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. మనిషి చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

“మూడు అవకాశాలూ అయిపోయాయి. పోనీ పైవాళ్లతో మాట్లాడి ఇంకోటి ఇప్పిద్దామన్నా, ఈ చెవి కాగితం వచ్చాక మిమ్మల్ని షెడ్డులోకి పంపితే రేపు ఏమైనా జరిగితే నా మెడకు చుట్టుకుంటుంది. మీ మంచికే చెబుతున్నా. రేపటినుంచి రానక్కర్లేదు.”

మేస్త్రి అతని పెదాలవంక చూస్తూ మొత్తం విన్నాడు. ఇప్పుడు తను అలా చూస్తున్న సంగతి తనకు తెలుస్తోంది.

“రెండో మిషను వెనక బేరింగు వేడెక్కుతోంది బాబూ. శుక్రవారం దాటదు. ఎవరికైనా చెప్పండి.”

ఆఫీసరు రాసుకున్నాడు.

మేస్త్రి షెడ్డుకి వెళ్లాడు. లోపల ఇద్దరు మనుషులున్నారు. విషయం అప్పటికే తెలిసినట్టుంది, ఇద్దరూ చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డారు. ఒకడు ఏదో అన్నాడు. మేస్త్రి చెవి చూపించి అడ్డంగా తల ఊపాడు. ఇరవయ్యారేళ్లలో ఆ షెడ్డులో అతను అలా చేయడం అదే మొదటిసారి. వాడు దగ్గరికి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

బయట మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పాడు గానీ తినబుద్ధి కాలేదు. ఫోను తీశాడు. భార్య ఉదయంనుంచి మూడుసార్లు చేసింది. పరీక్ష ఏమైందోనని. నొక్కబోయి మానుకున్నాడు. ఫోనులో చెప్పేది కాదు. పరీక్ష పోయిందనీ ఉద్యోగం పోయిందనీ అయితే ఫోనులో చెప్పొచ్చు. దీనికి ఎదురుగా కూర్చోవాలి. చొక్కాలు పక్కకు జరపమనాలి. ‘ఆ రోజు నువ్వు చెప్పింది నాకు వినబడలేదు. ఏ రోజు నువ్వు పిలిచినా పలక్కూడదని నేను అనుకోలేదు.’ ఇది మొదట చెప్పాలి. ఆమె నమ్ముతుందో లేదో. చెవి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగింటికి స్టోరుకి వెళ్లాడు. వెళ్లిపోయేవాళ్లు ఫ్యాక్టరీ వస్తువులు అప్పగించి కాగితం మీద ముద్ర వేయించుకుంటేగాని గేటు దాటనివ్వరు. స్టోరు గుమాస్తా అతనితోపాటు చేరినవాడే, జుట్టంతా పోయింది. కిటికీ అవతల కూర్చుని, పాత పుస్తకం ముందేసుకుని, మొహం ఎత్తకుండా చదవడం మొదలుపెట్టాడు.

“తలెత్తి చెప్పరా, నాకు అందడం లేదు,” అన్నాడు మేస్త్రి.

గుమాస్తా తలెత్తాడు. కాసేపు చూసి, ఈసారి ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పాడు. “బూట్లు, జత.” ఇచ్చాడు. “టార్చి ఒకటి.” ఇచ్చాడు. “పానాల పెట్టె.” ఇచ్చాడు. “చెవి కప్పులు, ఒకటి.”

“అవేంటి?”

“మోత వినబడకుండా చెవులకి పెట్టుకునేవి. పద్నాలుగేళ్ల కిందట తీసుకున్నావు. ఇదిగో నీ సంతకం.”

పుస్తకం తిప్పి చూపించాడు. సంతకం తనదే. ఎప్పుడో వరసలో నిలబెట్టి, వేలు పెట్టిన చోటల్లా పెట్టించుకున్నారు.

“నేనెప్పుడూ చూడలేదురా వాటిని.”

గుమాస్తా కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి లోపలికి వెళ్లాడు. పై అరలోంచి ఏవో డబ్బాలు జరుపుతున్నాడు కాబోలు, దుమ్ము మాత్రం కిటికీదాకా వచ్చింది. తిరిగొచ్చి చేతిలోది కిటికీ గట్టు మీద పెట్టాడు.

“షెడ్డు మొత్తానికి వచ్చినవే. తనిఖీ వాళ్లకి చూపించడానికని పైన పెట్టమన్నారు. తర్వాత ఎవరూ అడగలేదు. నేనూ…” అని ఆగాడు. “తీసుకెళ్తావా?”

“అప్పగించినట్టు రాసుకో,” అన్నాడు మేస్త్రి.

గుమాస్తా ఆ పద్దు కొట్టేసి ముద్ర వేశాడు. మేస్త్రి కాగితం తీసుకుని గేటువైపు నడిచాడు. వెనకనుంచి గుమాస్తా రెండుసార్లు పిలిచాడు. అతను తిరిగి చూడలేదు, సంచి భుజం మార్చుకుని ఆ ఎండలోనే ఇంటిదారి పట్టాడు.

పసుపుపచ్చ చెవి కప్పులు కిటికీ గట్టు మీదే ఉండిపోయాయి. ప్లాస్టిక్ కవరు సీలు కూడా తెంపలేదు. లోపలి స్పాంజి మాత్రం తనంతట తానే పొడిపొడిగా రాలి కవరు అడుగున చేరి ఉంది.