మునుగు, లే

మళ్లీ లేపేశాను, ఈ వేళ్లకి బుద్ధి లేదు, బిస్కెట్టు కాఫీలో ఇలా పడిందో లేదో అలా పైకొచ్చేసింది, కాసేపు ఉంచవే అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, అయినా చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, ఇన్నేళ్లుగా దానికి తెలిసింది ఒకటే పాట కదా, మునుగు, లే, మునుగు, లే, మా కాఫీ కొట్టు వెనక గదిలో, కాఫీలో ముంచిన బిస్కెట్ల మీద క్రీమ్ పరిచి తిరమిసు అనే ఇటలీ మిఠాయి చేసే స్టీలు బల్ల ముందు అక్క నా పక్కన నిలబడి, తన మోచేత్తో నా మోచేతిని పొడుస్తూ చెప్పిన పాట, మునిగిందంటే లేవాలే పిచ్చుకా, లోపల కొంచెం బిగువుండాలి, నానిపోయిన తిరమిసుకీ వానలో తడిసిన అట్టపెట్టెకీ తేడా ఏముంది చెప్పు, అని, ఒకసారి నేను ఫోనులో కబుర్లాడుతూ నానబెట్టేసిన ట్రే మొత్తాన్ని చెత్తబుట్టలో బోర్లించి మాట్లాడకుండా వెళ్లిపోయింది, తిట్టినా బాగుండేది, ఇప్పుడు అదే అక్క మా వంటింటి గుమ్మం పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని నా చేతుల వంకే చూస్తోంది, కుడి పక్కకి ఒరిగిపోకుండా బావ దిండు పెట్టాడు, మూతి ఒక పక్కకి కాస్త జారింది, ముక్కులోంచి వచ్చిన సన్నటి గొట్టాన్ని చెంప మీద ప్లాస్టరుతో అంటించారు, నేనేమో తను నేర్పినదానికి సరిగ్గా ఎదురు పని, తన కళ్లముందే చెయ్యాలి, బిస్కెట్టు లోపల పొడి అన్నది మిగలకుండా నానబెట్టాలి.

మింగుడు పంతులమ్మ సాయంత్రం వస్తానంది, ఆ అమ్మాయికి అసలు పేరేదో ఉంది, ఆసుపత్రి నుంచి వచ్చి అక్కకి మింగడం మళ్లీ నేర్పుతోంది కాబట్టి ఇది నేను పెట్టిన పేరు, ఎదురుగా అనను, మొదట్లో మాత్రం నవ్వొచ్చింది, మింగడానికి కూడా పాఠాలా అని, తర్వాత నవ్వు ఎటు పోయిందో, స్ట్రోక్ వచ్చాక మాట పోయిందన్నారు, కుడి చెయ్యి పోయిందన్నారు, సరే అనుకున్నాం, గుక్కెడు నీళ్లు కూడా పట్టకూడదంటే మాత్రం నాకు మింగుడు పడలేదు, నీళ్లే అన్నిటికన్నా ప్రమాదమట, దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయట, పూర్వం ఎవరికైనా పొలమారితే నెత్తి మీద తట్టి ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు అనేవాళ్లం, ఇప్పుడా మాట ఇంట్లో ఎవరం అనడం లేదు, పోనీ గొంతు ఇంకా అలాగే ఉందా అంటే లేదు, గొంతు దాని పాఠం అది నేర్చుకుంది, మెత్తగా ఉంటే మింగగలదు అని పంతులమ్మే చెప్పింది, మింగనిది మనిషి, జావ తెస్తే గోడవైపు తిరిగింది, మెదిపిన అరటిపండు తెస్తే పళ్లు బిగించింది, ఆపిల్ ఉడకబెట్టి గుజ్జు చేసి బావ చెంచా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో, నా మొహం చూసైనా ఒక్క చెంచా, అన్నాడు పాపం, ఆయన మొహం వంక చూడనే లేదు, ముక్కులో గొట్టం ఎల్లకాలం ఉంచలేం, నోటితో తినకపోతే కడుపుకే గొట్టం వేస్తాం, తీసుకురండి అన్నాడు డాక్టరు, రేపు పొద్దున్నే రమ్మన్నాడు, ఇవాళ పంతులమ్మ ముందు నాలుగు చెంచాలు తిందా, రేపటి ప్రయాణం ఆగుతుంది, లేదా, బావ ఇప్పటికే సంచీ సర్దేశాడు, దువ్వెనా తువ్వాలూ పైకి కనపడుతున్నాయి, అది తలుపు పక్కన కూర్చుని ఉంది.

అసలీ తిరమిసు అడిగింది తనే, అడగడమంటే నోటితో కాదు, నిన్న బావ విసిగిపోయి, ఏం తింటావో నువ్వే చెప్పు తల్లీ, కొండ మీది కోతినైనా తెస్తాను, అంటే చాలాసేపు కళ్లు మూసుకుని, తర్వాత ఎడమ చెయ్యి దుప్పటిలోంచి తీసి, రెండు వేళ్లు కలిపి గాలిలో కిందికి ముంచి పైకి లేపింది, ఏమిటే అది అన్నట్టు బావ నా వంక చూశాడు, నాకు చెప్పాలా, మునుగు, లే, ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి, సంతోషం ఎంతసేపుందనీ, బావ నన్ను బయటికి తీసుకెళ్లి తలుపు చేరేసి, గొంతు తగ్గించి, ఆఖరిసారి తిందామని అడుగుతోందేమోనే, అన్నాడు, నోర్ముయ్యి బావా అన్నాను, నువ్వు కొట్టులో తిప్పిన కాఫీ మిషనే తిప్పుకో, మనసులు చదవకు అన్నాను, అన్నానే గానీ ఆ మాట అప్పటినుంచి నా చెవిలోనే కాపురం పెట్టింది, కొట్టు తెరిచిన రోజు మొట్టమొదట అమ్మింది అదే, మూసేసిన రోజు మేం ముగ్గురం కుర్చీలు బల్లల మీద బోర్లించి నిలబడి తిన్నదీ అదే, మొదలుకీ చివరికీ అదే కావాలనుకునే మనిషి ఇప్పుడు అదే అడిగిందంటే అది మొదలు ఎలా అవుతుంది.

పంతులమ్మ ఫోనులో ముందు వద్దంది, తర్వాత మెత్తబడింది, పచ్చి గుడ్డు వద్దు, మద్యం చుక్క కూడా వద్దు, బిస్కెట్టు చెంచాతో నొక్కితే మెదిగిపోవాలి, కాఫీ ఊరి కారకూడదు, పైన కోకో పొడి అసలే వద్దు, పొడి గాలికి లేచిందంటే దగ్గు తప్పదు, ఒక్కొక్కటి ఒక్క చెంచాడే ఉండాలి, అంది, అంటే బుల్లి బుల్లి కాగితపు కప్పుల్లో చెయ్యాలి, మీగడ చీజులో చక్కెర వేసి గిలకొడుతున్నాను, క్రీమ్ వేసి మళ్లీ గిలకొట్టాలి, గరిట ఎత్తితే కొన పిట్టముక్కులా నిలబడాలి, నిలబడింది, దీనికి పొయ్యితో పని లేదు, అందుకే జాగ్రత్త ఎక్కువుండాలి అనేది అక్క, మాడిందనీ ఉడకలేదనీ పొయ్యి మీద నెపం వెయ్యడానికి లేదే, ఏం పాడైనా మన చేతి పాపమే, అనేది, బుల్లివి అంటే తనకి మా చెడ్డ చిరాకు, పక్క వీధి పూలకొట్టావిడ కూతురి పుట్టినరోజుకి నోట్లో వేసుకునేంత బుల్లి తిరమిసులు చేసిమ్మని అడిగితే, చెంచాతో కొలిచి పెట్టడానికి ఇదేమన్నా మందా అండీ, అని పంపించేసింది, ఆవిడ మళ్లీ కొట్టు మెట్టెక్కలేదు, చూడక్కా, మందే అయింది, చెంచాతో కొలిచే పెడుతున్నాను, పైకి అనలేదు, అంటే నవ్వేదా, గోడవైపు తిరిగేదా, ఇదివరకైతే అక్క ఏమంటుందో నాకు ముందే తెలిసేది.

ఈ బిస్కెట్టు నానింది అనుకుని చెంచాతో చీరితే మధ్యలో తెల్లగా, పొడిగా ఉంది, ఈ పొడి ముక్క అక్క గొంతులో ఉన్నట్టే అనిపించింది, పక్కన పడేసి ఇంకోటి తీశాను, ఉంచు, ఉంచు, ఉంచు, ఈసారి మరీ ఉంచాను, తీయబోతే వేళ్ల మధ్య విరిగి గిన్నెలోకి జారిపోయింది, గుమ్మం దగ్గర అక్క గొంతులోంచి ఒక మూలుగు, అది నాకు తెలిసిన మూలుగే, పని పాడుచేసినప్పుడు వచ్చేది, ఇంక నా వల్ల కాదు అనుకున్నాను, చీకటి పడేలోపు పంతులమ్మ వచ్చేస్తుంది, రేపు కడుపుకి గొట్టం వేస్తారు, అప్పుడిక అక్క నోరు తినడానికీ కాదు మాట్లాడడానికీ కాదు, ఆఖరిసారే అయితే ఈ అట్టపెట్టె ముద్దా పెట్టి పంపడం, ఒక్కటి, ఒకే ఒక్కటి, అక్క చేసినట్టు చేసి పెడితే ఏం, ఆలోచన పూర్తయ్యేలోపే చెయ్యి దానికి ఇష్టమైన పని చేసేసింది, మునుగు, లే, బిగువున్న బిస్కెట్టు, దాని మీద క్రీమ్, ఆ పైన జల్లెడతో కోకో పొడి, బుల్లి కప్పులో ఎంత ముద్దుగా ఉందో, అచ్చం మా కొట్టుదే, తీసేయాలి, బావ చూస్తే చంపుతాడు, తీసేయాలి అనుకుంటూ పళ్లెంలో పెట్టి అలాగే చూస్తూ నిలబడ్డాను.

అక్క ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద తట్టింది, బావ లోపల్నుంచి వచ్చి ఏమిటన్నాడు, బల్ల వంక చూపించింది, తోసుకొచ్చాడు, పళ్లెం తన ముందే ఉంది, బావ దాన్నీ నన్నూ చూశాడు, అక్క దాని వంక ఎంతసేపు చూసిందో, ఆ చూపు నాకు తెలుసు, సాయంత్రాలు గల్లా తాళం వేసేముందు అద్దాల బీరువా వంక అలాగే చూసేది, తర్వాత చెయ్యి లేచింది, పట్టుకుంటే లాక్కోగలనా నేను, ఆ చెయ్యి పళ్లెం దాటిపోయింది, డబ్బాలోంచి ఎండు బిస్కెట్టు ఒకటి తీసి కాఫీ గిన్నెలో వేసింది, అది తేలింది, చూపుడు వేలితో దాన్ని లోపలికి నొక్కింది, నొక్కి పెట్టింది, చిన్న చిన్న బుడగలు వచ్చాయి, లే అనుకున్నాను అలవాటుగా, లేపలేదు, బుడగలు ఆగాయి, అయినా వేలు తీయలేదు, చివరికి వేలు తీసి, జల్లెడ వంక చూసి నా వంక చూసింది, నాకిది ఎందుకు తోచలేదు, జల్లెడ కడిగి, అందులోకి ఒంపి వడగట్టాను, చెంచాతో మెదిపాను, క్రీమ్ కలిపాను, రంగూ రూపూ లేని ముద్ద, అక్క తల ఊపింది, తర్వాత పళ్లాన్ని చేతి వెనక భాగంతో నా వైపు తోసి, నాలుక మడతపడుతూ, పిచ్చుక, అంది, తినమని.

పంతులమ్మ వచ్చింది, చేతులు కడుక్కుని అక్క పక్కన కూర్చుని, గడ్డం కిందికి దించండమ్మా, తొందర లేదు, అని రెండు వేళ్లు గొంతు మీద ఆనించింది, బావ చెంచా పెట్టాడు, అక్క నోరు మూసుకుంది, దవడ ఒక పక్కే కదిలింది, ఆగింది, గొంతు పైకి లేచి కిందికి దిగింది, అందరం దగ్గు కోసం చూశాం, రాలేదు, ఆ అమ్మాయి మళ్లీ అనేలోపే అక్క నోరు తెరిచింది, రెండోది, నేను ఏం చెయ్యాలో తెలియక చేతిలో ఉన్న కొట్టు తిరమిసు నోట్లో వేసుకున్నాను, బిగువుగా, చేదుగా, తీపిగా, కోకో పొడి కొండనాలుకకి తగిలి పొలమారింది, దగ్గీ దగ్గీ కళ్లనీళ్లు వచ్చాయి, బావ అలవాటుగా నా నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు, అన్నాడు, అక్క మూతి ఒక పక్కకి లేచింది, నవ్వే అది, మూడో చెంచా అడుగుతోంది, అప్పుడు తెలిసింది నాకు, దగ్గు మధ్యలో, ఆఖరిసారి తినాలనుకున్న మనిషైతే సరిగ్గా చేసినదే తినేది, పైన పొడి, లోపల బిగువు, ఏమైతే అయిందని, అది నాకిచ్చేసింది, తన నియమాన్ని తన వేలితోనే ముంచి, చెత్తబుట్టలో పారేసే ముద్దని తన వాటాగా తీసుకుంది, రేపూ తినాలి, ఎల్లుండీ తినాలి అనుకునేవాళ్లే అలా తింటారు, బావ అనుకున్నది తప్పు, నేను అనుకున్నదీ తప్పు, అక్కకి బతకాలని ఉంది.