మట్టిగడ్డకు రెక్కలు

మా ఆవిడకు ఒక కంటికి ఆపరేషన్ అయింది. "దూరం ఎలా ఆనుతోందో చూసుకోండి. దాన్నిబట్టే రెండో కన్ను" అన్నాడు డాక్టరు. మా ఇంట్లో దూరమంటే వంటింటి నుంచి వీధి గుమ్మం దాకానే. అందుకని సముద్రపు ఒడ్డున, మడచెట్ల మధ్య ఉన్న పిట్టల పార్కుకు తీసుకెళ్లాను. దారంతా ఆవిడ నోరు విప్పలేదు. ఆవిడ నోరు విప్పలేదంటే సముద్రంలో అలలు ఆగినట్టే. భయపడుతోంది.

పిట్టల్ని చూడ్డానికి కట్టిన చెక్కగదిలో కిటికీ దగ్గర కూర్చున్నాం. సముద్రపు నీరు వెనక్కి తగ్గి, ఎదురుగా బురద మిగిలింది.

"బురదే కదా అనుకోకండి తాతగారూ, పీతలు, చేపపిల్లలు అన్నీ ఇందులోనే. ఇది ఎండితే ఒక్క పిట్టా రాదు" అంది గైడమ్మాయి.

"నాకా చెబుతున్నావు? మా చిన్నప్పుడు ఒక పీత మాస్టారి బెత్తం లాక్కుపోయి, పిల్లపీతలకు బడి పెట్టింది."

"ఎక్కాలు చెప్పేదా?"

"చెప్పేది. కాకపోతే అన్నీ అడ్డంగా."

అమ్మాయి నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. ఆటపట్టిద్దామని బురద అవతల ఖాళీ నీళ్లకేసి వేలు చూపాను. "అదిగోనే, ఏనుగంత కొంగ!"

చాలాసేపు చూసింది. "నాకు కనపడట్లేదండీ" అంది.

నా నోరు పడిపోను! "లేదే, ఊరికే అన్నాను."

"నేను బాధపడతానని ఇప్పుడు మాట మారుస్తున్నారు."

జన్మంతా కోతలు కోసినవాడి నిజం ఎవరికి కావాలి?

ఆవిడే మళ్లీ బురదకేసి చూసి అంది. "పోనీ, ఆ మట్టిగడ్డ పక్కన ఉన్నదేమిటి? మెడ ముడుచుకుని, మీలాగే పనీపాటా లేకుండా కూర్చుంది."

ఎంత చూసినా నాకు బురదే. లేనిది కనపడుతోందంటే కన్ను పోయినట్టేనా?

"గుడ్డి కొంగ!" అని అరిచింది గైడమ్మాయి.

"ఎవర్నమ్మా గుడ్డి కొంగ అంటున్నావు?" అని లేచింది మా ఆవిడ.

"అయ్యయ్యో, మిమ్మల్ని కాదు మామ్మగారూ! ఆ పిట్ట పేరే అది. మనిషి మీదికొచ్చేదాకా కదలదు, అందుకని. బురదలో కలిసిపోతుంది. చూపించినా చాలామందికి దొరకదు."

అంతలో, నేను ఇంకో మట్టిగడ్డ అనుకున్నదానికి తెల్లటి రెక్కలు మొలిచాయి. మడచెట్ల మీదుగా ఎగిరిపోయింది.

మా ఆవిడ తీరిగ్గా కూర్చుని కొంగు సర్దుకుంది. "నా రెండో కన్ను తర్వాత. ముందు ఈయన కళ్లు డాక్టరుకు చూపించాలి."

అలలు మళ్లీ మొదలయ్యాయి. బస్సులో పక్కసీటావిడకు మా ఆవిడ చెప్పినప్పుడు ఆ కొంగ మేకంత ఉంది. ఇల్లు చేరి పక్కింటివాళ్లకు చెప్పేసరికి ఒంటెంత అయింది.

నేను ఒక్క మాటా సవరించలేదు. పైగా, "అవునవును, నేనూ చూశాను" అన్నాను.