ఉప్పు వెయ్యని పిండి

ఫుసాయో నోట్లో మెతుకు పడి నాలుగు రోజులైంది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి నర్సు తూకం మిషను పట్టుకుని వస్తుంది. ముప్పై అయిదు కిలోల కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరు తేల్చి చెప్పాడు. పోయిన వారం ముసలావిడ తూగింది ముప్పై అయిదున్నర.

"ఉదోన్ అయితే తింటాను. ఇంట్లో తొక్కినదైతేనే," అంది పొద్దున, గోడవైపు తిరిగి పడుకుని.

షిగెమిత్సు ఒసాకా నుంచి ఆ ఇంటికి ఇల్లరికం వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంటిపేరూ వాళ్ళదే పెట్టుకున్నాడు. చేతొడుగుల ఫ్యాక్టరీలో నిలబడి తోలు కత్తిరించీ కత్తిరించీ మోకాళ్ళు అరగ్గొట్టుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పెళ్ళాం చిహరు పోయి రెండేళ్ళు. మిగిలింది అత్తగారు ఫుసాయో. కూతురు లేని ఇంట్లో అల్లుడు ఏమవుతాడో అతనికి ఎవరూ చెప్పలేదు.

గోధుమపిండి కాళ్ళతో తొక్కి, లావు పోగులుగా కోసి వండే ఆ ఉదోన్ ఎప్పుడూ చిహరే చేసేది. చూసిన గుర్తుతోనే పిండి తడిపాడు. మందపాటి సంచిలో పెట్టి, పైన గుడ్డ కప్పి, కాళ్ళతో తొక్కాడు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు కదా అని చిటికెడు కూడా వెయ్యలేదు. వత్తి, కోసి, మరిగే నీళ్ళలో వేస్తే పోగులన్నీ తెగి జావైపోయాయి.

గిన్నె చూసి ఫుసాయో మొహం తిప్పుకుంది.

"ఇదేంటయ్యా, కుడితి? ఉప్పు వేశావా?"

"డాక్టరు వద్దన్నాడు అత్తయ్యా."

"ఉప్పు లేకపోతే పిండికి బిగి ఎక్కడిది? వేసిందాంట్లో చాలావరకు ఉడికే నీళ్ళలోకే పోతుందిగా! ఇరవై ఎనిమిదేళ్ళు ఈ ఇంటి ఉదోన్ తిన్నావు. ఒసాకా వాడివి ఒసాకా వాడివే."

"వంటింట్లోకి నన్ను రానిచ్చిందెవరు?"

"ఇప్పుడు పొమ్మన్నదెవరు?"

జావంతా పారబోశాడు. ఇక వదిలేస్తే సరిపోతుంది. మూడింటికి నర్సు వస్తుంది, తీసుకుపోతారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. అతన్ని తప్పుపట్టేవాడు ఊళ్ళో ఒక్కడుండడు. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నాడో అన్నిసార్లూ ఒళ్ళు మరింత బరువెక్కింది.

వెనకాల చప్పుడైతే తిరిగి చూశాడు. ఫుసాయో గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాలుగు రోజుల్లో మంచం దిగడం అదే మొదలు.

"ఉప్పు నీళ్ళు నేను కలుపుతా. జరుగు."

వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ఇంకొంచెం వేసింది. అతను పిండి తడిపాడు. గుడ్డ కింద పెట్టి తొక్కాడు. ప్రతి అడుగుకీ మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి.

"మడమ దింపు. దోమల మీద నడుస్తున్నావా?"

"మీరే తొక్కండి మరి."

కోపంతో అన్నమాట. ఆవిడ నిజంగానే ఇంటి చెప్పులు విడిచింది. అతని భుజం పట్టుకుని రెండు పాదాలూ పిండి మీద పెట్టింది. ఒక అడుగు, ఇంకో అడుగు. దిగాక ఇద్దరూ చూశారు. గుడ్డ ముడుతపడింది. పిండి మాత్రం కాస్తయినా అణగలేదు.

"సరే, నువ్వే తొక్కు," అంది ఫుసాయో మెల్లిగా.

అతను తొక్కాడు. మడిచి మళ్ళీ తొక్కాడు. పిండి నానేలోపు ఎండు నెత్తళ్ళ తలలు గిల్లి, పొట్టలు తీసి చారు పెట్టాడు. సన్నమంట మీద అది మరుగుతుంటే ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

రెండు కావస్తుండగా గిన్నె ముందు పెట్టాడు. పోగులు నిగనిగలాడుతున్నాయి. పైన ఉల్లికాడలు. ఆవిడ ఒక్క పోగు జుర్రుకుంది. చాలాసేపు నమిలింది.

"అంచులు మందం. కత్తి సరిగా పట్టలేదు."

అని రెండో పోగు తీసుకుంది. సగం గిన్నె తిని, గిన్నె రెండు చేతులా ఎత్తి చారు మొత్తం తాగింది.

మూడింటికి నర్సు వచ్చింది. ముల్లు ముప్పై అయిదు మీద ఆగింది.

"సరిగ్గా ముప్పై అయిదు," అంది నర్సు. "ఎలాగోలా నిలబెట్టారు. పై సోమవారం మళ్ళీ వస్తాను. అప్పటికి కాస్త పెరగాలి."

నర్సుని వీధి దాకా సాగనంపి వచ్చేసరికి ఫుసాయో పడుకుని ఉంది. ఈసారి గోడవైపు తిరగలేదు.

"రేపు చలి ఎక్కువుంటుందట. చలికి పిండి దానంతటదే బిగుస్తుంది, ఉప్పు తగ్గించాలి. పొద్దున్నే లేపు, వచ్చి చెప్తా."

"లేపుతాను," అన్నాడు షిగెమిత్సు. పిండి డబ్బా మూత తీసి చూశాడు. రెండు రోజులకు మించి రాదు. కొట్టుకి వెళ్ళాలి. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.