మడ్డి కడిగిన సీసాలు

2018 నవంబరు 19, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఎండ పలచగా ఉంది, గాలి లేదు, వరండాలోని థర్మామీటరు ఇరవై ఎనిమిది డిగ్రీలు చూపుతున్నది. పరిశోధక విద్యార్థిని మానస నీళ్లలో ఫ్లోరైడును కొలిచే యంత్రాన్ని ఆపి నా వైపు తిరిగింది.

"మేడం, గిది గూడ గదే నంబర్. మర్రిగూడ నీళ్లు, చండూరు నీళ్లు, అన్ని ఒక్కతీరుగ ఎట్లుంటయి?"

ఉండవు. హాలియా దారిలోని మా ముచుకుంద విశ్వవిద్యాలయం ఒకప్పుడు కిరాయి ఇంట్లో నడిచిన పీజీ సెంటర్. నేను అక్కడ రసాయనశాస్త్రం బోధించిన రోజుల్లో, చేరిన ప్రతి విద్యార్థీ తన ఊరి తాగునీటిని ప్లాస్టిక్ సీసాలో తెచ్చి, ఊరి పేరు, ఏడాది రాసిన చీటీ అంటించి ఇచ్చేవాడు. అప్పట్లో ఈ యంత్రం మాకు లేదు, వచ్చేదాకా దాచుదామనుకున్నాం. అది వచ్చేసరికి నేను పదవీ విరమణ చేసి ఏళ్లయింది, ఊళ్లకు నది నీళ్లు చేరాయి, పాత బోర్లు పూడిపోయాయి. ఆ నీళ్లు మిగిలింది మా సీసాల్లోనే. ఏ ఊరి నీళ్లలో ఏ ఏడు ఎంత విషం పెరిగిందన్నదే మానస పరిశోధన. అందుకే, చీటీల మీది రాత వెలిసిపోయిన సీసాలను గుర్తుపట్టడానికి నన్ను పిలిపించింది.

గది ఊడ్చే బిక్షమ్మను పిలిచాను.

"ఈ సీసాలు ఎవరైనా తెరిచారా?"

"నేనే దెరిసిన మేడం. గ్రేడ్ ఇచ్చే కమిటోళ్లు అస్తున్రు, జర సాఫ్ జెయ్యమని రాంచందర్ సారు జెప్పిండు. అడుగున తెల్లటి మడ్డి! అన్ని పారబోసి, కడిగి, కృష్ణ నీళ్లు వోసిన. చీటీలు గూడ తడవనియ్యలే."

మానస చేతిలోని సీసాను బల్ల మీద పెట్టేసింది. "గా మడ్డే నాకు గావాలె గదనే!"

"మడ్డితోని ఏం జేస్తవ్ బిడ్డా, సున్నం ఏస్తవా?" అని నవ్వి, మా ముఖాలు చూసి బిక్షమ్మ ఆగిపోయింది. వంగిన మోకాళ్లను రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా గడప మీద కూర్చున్నది. "గా నీళ్లు దాగే నా కాళ్లు గిట్లయినయి. గసొంటి నీళ్లను ఎవలన్న దాస్తరా మేడం?"

ఆఫీసు సూపరింటెండెంటు రాంచందర్ వచ్చి జరిగింది విన్నాడు.

"నీళ్లే గద మేడం, ఫికర్ ఎందుకు? మల్ల తెప్పిద్దాం."

"యాడికెల్లి దెప్పిస్తరు సార్?" అన్నది మానస. "మా ఊరి బోరు మీద సంఘం బిల్డింగ్ గట్టిన్రు. స్లాబు వగలగొట్టిస్తరా?"

ఆయన ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు.

నేను కారణాలను వెనక్కి తవ్వుతూ కూర్చున్నాను. యంత్రం ఆలస్యమైంది కనుక నీళ్లు నిలవున్నాయి. నిలవున్నాయి కనుక మడ్డి కట్టాయి. మడ్డి కట్టాయి కనుక మురికిగా కనిపించాయి. ఈ వరుసలో బిక్షమ్మది చివరి చోటు. అయినా ఆమె పేరొక్కటే ఫైలుకెక్కుతుందని నా అనుభవం చెప్పింది. అందుచేత శుభ్రం చేయమన్న ఆదేశం ఎవరిదో రాసి, సంతకం చేసి, రిజిస్ట్రారుకు పంపాను. దానివల్ల ఆమె ఉద్యోగం నిలిచింది. నీళ్లు తిరిగి రాలేదు.

కమిటీ మాకు మంచి గ్రేడు ఇచ్చింది. నివేదికలో ఆ సీసాల వరుసను ప్రత్యేకంగా మెచ్చుకున్నది.

మరుసటి ఏడు మార్చిలో మానస ఫెలోషిప్పు ముగిసింది. పీహెచ్‌డీ పూర్తి కాలేదు. 2021 నుంచి ఆమె హాలియాలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతున్నది.