మూడో పొయ్యి

మా వీధికి కొత్త మురుగు కాలువ వచ్చింది. దానికి ఇంటి గొట్టం కలపాలంటే, ఉన్నదున్నట్టు ప్లాను గీయించి నివాసయోగ్యతా పత్రం తెచ్చుకోవాలని పురపాలక కార్యాలయం ప్రతి గేటుకూ నోటీసు అంటించింది. మా సెప్టిక్ ట్యాంకు ఏడాదిగా పెరట్లోకి పొంగుతోంది. కాబట్టి ఆ పత్రం మాకు తప్పనిసరి.

ఇంట్లో తొమ్మిదిమందిమి. కింద తమ్ముడు, మరదలు. మొదటి అంతస్తులో మేనకోడలు, ఆమె భర్త, ముగ్గురు పిల్లలు, ఆమె అత్తగారు. డాబా మీద నేను. గ్రంథాలయంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విరమించినదాన్ని. నా గదిని ఆనుకొని ఆరడుగుల వంటగది ఒకటి ఉంది: ఒక గట్టు, ఒక పొయ్యి, ఒక సింకు, ఒక కిటికీ. ఇల్లు కట్టేటప్పుడు తమ్ముణ్ణి నేనడిగినది అదొక్కటే. ఆకలైనప్పుడు వండుకొని, లేనప్పుడు మానేసి, ఎందుకు మానేశావని అడిగేవారు లేకుండా పద్దెనిమిదేళ్ళు బ్రతికాను. నేనెవరి మీదా ఆధారపడలేదనడానికి నా దగ్గరున్న రుజువు ఆ ఆరడుగులే.

ప్లాను గీయడానికి వచ్చినాయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్కేలు ఉంటుంది. అందరూ ఆయన్ని స్కేలుగారనే పిలుస్తారు. డాబా మీదికి వచ్చి, నా వంటగదిని కొలిచి, పెన్సిలు చెవి వెనక పెట్టుకొని నిలబడ్డాడు.

“అమ్మగారూ, దీన్ని సామాన్ల గది అని రాసేద్దామండీ.”

“అది వంటగది.”

“తెలుసండీ. కానీ వాళ్ళు చూసేది కాగితమే కదా.”

“పొయ్యి కనిపించడం లేదా మీకు?”

“పొయ్యి మాత్రం సామాను కాదాండీ?” అన్నాడు, తన తెలివికి తానే మురిసిపోతూ.

పురపాలక నియమావళి నూట నలభై పుటలూ నేను చదివాను. మా వీధి వెడల్పుకు, మా స్థలం కొలతకు రెండు నివాస గృహాలకు మించి అనుమతి లేదని నాకు తెలుసు. నివాస గృహమంటే ఒక కుటుంబం ఉండేది అని నిర్వచనంలో ఉంది. రక్తసంబంధం, వివాహసంబంధం ఉన్నవారు ఒకే కుటుంబమని ఆ పక్క పుటలోనే ఉంది. ఆ లెక్కన మా తొమ్మిదిమందిదీ ఒక్క గృహమే. ఆ సంగతి నిబంధన సంఖ్యతో సహా ఆయనకు వినిపించాను. స్కేలుగారు నా మొహంలోకి జాలిగా చూసి, వంటగది అని రాశాడు.

నెల తిరక్కుండా తిరస్కరణ నోటీసు వచ్చింది. ఈ స్థలంలో మూడు నివాస గృహాలు ఉన్నట్టు దరఖాస్తుదారులే తెలిపియున్నారు. ఒకటి తొలగించనిదే పత్రం ఇవ్వబడదు.

ఆ సాయంత్రం కింద హాల్లో అందరం కూర్చున్నాం.

“ఒక్క మాట, అక్కా! ఒక్క మాట మార్చి రాస్తే పోయేది. పుస్తకం పట్టుకుని వాదించావు. ఇప్పుడు చూడు, పెరట్లో కాలు పెట్టలేకపోతున్నాం,” అన్నాడు తమ్ముడు.

“మూడు పొయ్యిల్లో ఒకటి తియ్యాలంతేగా నాన్నా?” అంది మేనకోడలు.

“అయితే నాది తీసెయ్యమనండి,” అంది మరదలు. “ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను, ఎవరైనా వచ్చి పట్టుకుపోతారేమోనని. హాయిగా పైకెళ్ళి అమ్మాయి వంట తింటాం.”

“అమ్మా! నా వంటకి నువ్వు పెట్టే వంకలు చాలు. రోజూ దగ్గర కూర్చుని పెడతావా?”

“చూశారా వదినగారూ, కన్నకూతురు!”

అందరూ నవ్వారు. నవ్వడం అయిపోయాక ఎవరూ నావైపు చూడలేదు. మూడింటిలో ఏది పోవాలో ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం కూడా లేకపోయింది.

మర్నాడు కార్యాలయానికి వెళ్ళాను. ప్లాన్లు చూసే అధికారిణికి నలభై ఏళ్ళుంటాయి. బల్లకు రెండువైపులా ఫైళ్ళు గోడల్లా లేచి ఉన్నాయి. నా నియమావళిని చేతిలోకి తీసుకొని, అట్ట వెనక చూసి, తిరిగి ఇచ్చేసింది.

“మీరు బాగానే చదివారండీ. కాని ఇది పాతది. పోయిన ఏడాది సవరణ వచ్చింది.”

సొరుగులోంచి ఒక పలచని కాగితం తీసింది. కుటుంబం అనే మాటను అందులో ఎత్తేశారు. విడిగా వంట వసతి ఉన్న ప్రతి భాగమూ ఒక నివాస గృహమేనని పెట్టారు. జీవితమంతా పుస్తకాలకు సవరణ పత్రాలు అతికించినదాన్ని నేను. ఈ పుస్తకానికి సవరణ ఉందేమోనని అడగనైనా అడగలేదు.

“ఈ పరిమితి దేనికోసం?” అన్నాను.

“నీళ్ళు, మురుగు, బండ్ల రద్దీ. జనం పెరిగితే వీధి తట్టుకోలేదు కదండీ.”

“మొదటి అంతస్తులో ఆరుగురున్నారు. నేను ఒక్కదాన్ని. నేను వండుకోవడం మానేస్తే నా నీళ్ళు తగ్గుతాయా?”

“తగ్గవండీ. లెక్క తగ్గుతుంది.” ఆమె కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది. “మనుషుల్ని లెక్కపెట్టలేమండీ. వస్తుంటారు, పోతుంటారు. పొయ్యిలైతే ఉన్నచోటే ఉంటాయి.”

“మా వెనక వీధిలో అరవైనాలుగు ఇళ్ళ భవనం లేస్తోంది. దాని మురుగూ ఇదే కాలువలోకి వస్తుంది.”

“అది పెద్ద రోడ్డండీ. అక్కడ పరిమితి లేదు.”

వెటకారంగా అనలేదు, అలిసిపోయి అంది. తర్వాత గొంతు తగ్గించింది. “సవరించిన ప్లాను తీసుకురండి. అక్కడ పొయ్యి లేదని సంతకం పెట్టండి. చూడ్డానికి నేను రాను.”

దయగలదే. ఆ సంతకం పెట్టి ఉంటే నా వంటగది నాకు మిగిలేది. కాని ఎన్నాళ్ళు? ఈమె బదిలీ అయ్యేదాకా. పక్కింటివారికి మాతో గొడవ వచ్చి ఒక ఉత్తరం పడేసేదాకా. తమ్ముడికి కోపం వచ్చి నోరు జారేదాకా. ఒకరు చూడకుండా ఉన్నంతకాలమే ఉండే పొయ్యి నాదెలా అవుతుంది? పైగా అబద్ధం కింద నా సంతకం ఉంటుంది.

“వచ్చి చూసుకోండి,” అన్నాను. “తీయించేస్తాను.”

“ఎందుకండీ, అనవసరంగా...” అంటూ ఆగి, తారీఖు వేసుకుంది.

తాపీమేస్త్రి పొద్దున్నే వచ్చాడు. అరగంటలో గట్టు పగలగొట్టి, సింకు ఊడదీసి, గొట్టానికి బిరడా కొట్టాడు. పొయ్యిని మేనకోడలు తీసుకెళ్ళింది. వాళ్ళ పొయ్యిలో ఒక పక్క సరిగా మండడం లేదట. “మళ్ళీ గట్టు కట్టించుకుంటే సున్నం కూడా నేనే వేస్తానండీ,” అని మేస్త్రి ఓదార్పుగా అన్నాడు. కిటికీ మాత్రం మిగిలింది. గాలి, వెలుతురు నియమావళికి సమ్మతమే.

అధికారిణి వచ్చి చూసి వెళ్ళిన తొమ్మిదో రోజున పత్రం వచ్చింది. గొట్టం కలిపారు. పెరడు ఆరింది. తమ్ముడు పత్రాన్ని చట్రం కట్టించి హాల్లో తగిలించాడు: నివాస గృహములు రెండు. సవరణ మీద నేను రాసిన అభ్యంతరానికి, అందినట్టుగా ఒక రశీదు వచ్చింది.

గట్టు పగిలిన రోజునే మరదలు పైకి వచ్చింది. ఆయాసపడుతూ గుమ్మం పట్టుకొని నిలబడింది. ఈ మెట్లన్నీ ఎక్కి ఆమె రావడం అరుదు.

“వదినగారూ, పొద్దున ఎన్నింటికి తింటారు మీరు?”

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పవలసి రాలేదు.

“మీరెప్పుడు తింటే అప్పుడే.”

“మేం ఎనిమిదిన్నరకి.”

“సరే.”

ఆమె కదలకుండా, గోడ మీద గట్టు ఉన్నచోట మిగిలిన తెల్లని గీత వైపు చూసింది.

“మా వంటలో ఉప్పు కాస్త ఎక్కువుంటుంది. ఎక్కువనిపిస్తే చెప్పండి, మొహమాటపడకండి.”

“చెబుతాను,” అన్నాను.

చెప్పనని ఇద్దరికీ తెలుసు. ఆమె గోడ పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగింది. అప్పటికి ఎనిమిదీ పది అయింది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకొని, ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చున్నాను.